ఆ రైఫిలు ఎవరిచ్చారు? – ఒక దిద్దుబాటు



నాలుగేండ్ల క్రిందట ఇదే సావనీరులో మన పట్టణపు పెద్దలను గూర్చి వ్రాస్తూ మేము ఒక మాట వ్రాసి ఉన్నాము. మన మొహల్లాలోని ఒక కుటుంబం వద్ద ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ స్వహస్తాలతో బహూకరించిన షికారు రైఫిలు ఉన్నదని, అది మన పట్టణానికే గర్వకారణమని ఆ వ్యాసంలో ఉన్నది. చదివినవారు మెచ్చుకున్నారు. కొందరు పిల్లలు స్కూల్లో మమ్మల్ని అడిగి మరీ ఆ కథ చెప్పించుకున్నారు. ఇప్పుడు చెప్పవలసిన సంగతి ఏమంటే, ఆ మాట తప్పు. తప్పు వ్రాసిన చోటనే దిద్దుకోవడం ధర్మం గనుక, ఆ కుటుంబం వారి అనుమతితో, వారి పేరు లేకుండా ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

ముందు ఆ కథ ఎందుకు నమ్మాము? నమ్మదగినట్లే ఉన్నది గనుక. మహబూబ్ అలీ పాద్షా 1869లో పసివాడుగా గద్దెనెక్కి, 1884లో పూర్తి అధికారాలు పొంది, 1911 ఆగస్టు 29న కన్నుమూశారు. దాతృత్వంలోనూ, పులుల షికారులోనూ ఆయన పేరు ఊరూరా మోగింది. పాము కరిస్తే ఆయన పేరు తలచుకొనేవారని మన పెద్దలు చెప్పగా వినని ఇల్లు లేదు. ఆయన దర్బారు ఫోటోగ్రాఫరు రాజా దీన్ దయాళ్ తీసిన షికారు చిత్రాలు నేటికీ ఉన్నవి. అటువంటి పాద్షా ఒక జంగలాత్ ఉద్యోగికి రైఫిలు ఇచ్చారంటే ఎవరు కాదంటారు? పైగా రైఫిలు మడమ మీద వెండి తఖ్తీ ఉన్నది, దాని మీద ఉర్దూ అక్షరాలు ఉన్నవి, "సర్కార్-ఎ-ఆలీ" అన్న మాట స్పష్టంగా కనబడుతున్నది, క్రింద 1329 అని సంవత్సరం ఉన్నది. హిజ్రీ 1329 అంటే 1911. పాద్షా వారి చివరి సంవత్సరం. ఇక సందేహమేమున్నది అనుకున్నాము. దివాన్‌ఖానాలో కూర్చుండి చాయ్ త్రాగుతూ, చేతిలో పట్టుకొని అయిదు నిమిషాలు చూసి, ఇంటికి వచ్చి వ్యాసం వ్రాసాము. అదే మా పొరపాటు.

ఆ ఇంటి యజమాని, లైసెన్సు ఎవరి పేర ఉన్నదో ఆ పెద్దమనిషి, అల్లాకు ప్యారే అయిపోయారు. లైసెన్సుదారు పోయిన తర్వాత ఆయుధం ఇంట్లో ఊరికే పెట్టుకోరాదు. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం 1962 అక్టోబరు 1 నుండి అమలులో ఉన్నది. దాని ప్రకారం అటువంటి ఆయుధాన్ని దగ్గరి పోలీసు స్టేషనులో గానీ, లైసెన్సు గల డీలరు వద్ద గానీ జమ చేయాలి. కొడుకులు అట్లే జమ చేశారు. తర్వాత పెద్దకొడుకు తన పేర లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకున్నారు. అప్పుడు ఒక చిక్కు వచ్చింది. పాత లైసెన్సు పుస్తకంలో బోరు దగ్గర .315 అని ఉన్నది. డీలరు దుకాణంలో పనిచేసే ఉస్తాద్ నాలి మూతిలోకి చూసి, "ఇది .315 కాదు సాహెబ్, దీని నోరు పెద్దది" అన్నాడట. కాగితం మీద ఒకటి, చేతిలో ఒకటి ఉంటే లైసెన్సు ఎట్లా వస్తుంది? "మాస్టర్ సాబ్, మీరు దీని గురించి వ్రాశారు కదా, వచ్చి చూడండి" అని పెద్దకొడుకు మాకు కబురు పంపారు. వెళ్ళాము.

ఉస్తాద్ మాకు నేర్పిన మొదటి పాఠం ఏమంటే, పాత ఆయుధాన్ని ముట్టుకోగానే ఖాళీగా ఉన్నదా లేదా చూడాలి, చూసిన తర్వాత మళ్ళీ చూడాలి. రెండవ పాఠం: నాలి మీద పెద్ద అక్షరాలతో ఉన్న పేరును వెంటనే నమ్మరాదు. ఈ రైఫిలు నాలి మీద కలకత్తా దుకాణం పేరు ఉన్నది. ఇంటివారు అదే కంపెనీ అనుకున్నారు. కానీ ఆ రోజుల్లో కలకత్తా, బొంబాయిలలోని దుకాణాలు విలాయతు నుండీ జర్మనీ నుండీ సరుకు తెప్పించి తమ పేరు చెక్కించి అమ్మేవి. అమ్మినవాడు వేరు, చేసినవాడు వేరు. చేసినవాని గుర్తు వెదకాలంటే చిన్న అక్షరాలు చూడాలి.

ఉస్తాద్ బోల్టు తీసి, పైభాగం గుడ్డతో తుడిచి, భూతద్దం మా చేతికిచ్చాడు. గదికి పైన జర్మను భాషలో మౌజర్ ఆయుధ కర్మాగారం, ఓబెర్న్‌డోర్ఫ్ అని ఉన్నది. నాలి ప్రక్కన మూడు చిన్న ముద్రలు. ప్రతి దాని మీదా కిరీటం, కిరీటం క్రింద ఒక్కొక్క అక్షరం: బి, యు, జి. ఇవి జర్మనీ ప్రభుత్వ పరీక్షా ముద్రలు. 1891లో చేసిన చట్టం ప్రకారం ప్రతి నాలినీ అధిక మందుతో కాల్చి చూసి, పగలకుండా నిలిస్తేనే ముద్ర వేసేవారు. యు అంటే తనిఖీ అయినది, జి అంటే లోపల గీతలున్న నాలి అని అర్థం. రైఫిలు అన్న పేరే ఆ గీతల వల్ల వచ్చింది. నాలి లోపల మెలి తిరిగిన గాడులు ఉంటవి. గుండు ఆ గాడులను పట్టుకొని బొంగరంలా తిరుగుతూ బయటికి వస్తుంది గనుక తిన్నగా పోతుంది. మామూలు ఛర్రా బందూకులో ఈ గాడులు ఉండవు.

పౌల్ మౌజర్ అనే ఆయన తయారుచేసిన ఈ పద్ధతిని జర్మన్ సైన్యం 1898లో తీసుకున్నది. ఈ బోల్టుకు ముందు రెండు, వెనుక ఒకటి, మొత్తం మూడు పట్లు ఉంటవి. ప్రక్కన పొడుగాటి గోరు వంటి పట్టీ తూటాను మొదటి నుండే పట్టుకొని లోపలికి తీసుకుపోతుంది, బయటికి లాగుతుంది. మట్టిలోనూ, వానలోనూ మొరాయించదు. అందుకే ఇది సైన్యానికే కాక షికారీలకు కూడా ఇష్టమైనది.

మరి మన దేశానికి జర్మన్ రైఫిళ్ళు ఎందుకు వచ్చినవి? దీనికి ఒక చరిత్ర ఉన్నది. 1857 తర్వాత అంగ్రేజు సర్కారుకు ప్రజల చేతిలో ఆయుధమంటే భయం. 1878లో ఆయుధాల చట్టం తెచ్చారు. సైన్యం వాడే బోరు తూటాలు బయటివారి తుపాకులలో సరిపోరాదని వారి పట్టుదల. అందుచేత .303 బోరును షికారీలకు అడ్డగించారు. 1907 ప్రాంతంలో .450 బోరును కూడా నిషేధించారు. ఆ దెబ్బతో ఇంగ్లండు కంపెనీలు .465, .470 వంటి కొత్త బోర్లు పుట్టించినవి. నేటికీ మన దేశంలో .315 బోరు షికారు రైఫిలు చెల్లుబాటులో ఉండడానికి మూలం కూడా అదే. సైన్యం బోరు కాని జర్మన్ 9 మిల్లీమీటర్ల రైఫిలుకు అటువంటి అడ్డంకి లేదు.

ఉస్తాద్ మెత్తని సీసపు ముద్దను నాలిలో నెమ్మదిగా గెంటి బయటికి తీసి కొలిచాడు. తర్వాత కరిగించిన గంధకం తూటా గదిలో పోసి అచ్చు తీశాడు. గంధకం గట్టిపడి గది ఆకారం అట్లే చూపిస్తుంది. రెండూ 9 మిల్లీమీటర్ల మౌజర్ అనే చెప్పినవి. ఎన్నడో ఏ గుమాస్తానో చూడకుండా .315 అని వ్రాసుకున్నాడు, అదే మూడు తరాలుగా నకలు అవుతూ వచ్చింది. ఇది చిన్న సంగతి కాదు. పుస్తకంలో ఉన్న బోరు చూసి ఎవరైనా ఆ తూటా పెట్టి కాల్చి ఉంటే ప్రాణాల మీదికి వచ్చేది. వ్రాతలో ఒక అంకె తప్పు ఎంత దూరం పోతుందో అక్కడ మాకు మొదటిసారి తెలిసింది. మా వ్యాసం సంగతి మాత్రం ఇంకా తెలియలేదు.

ఉస్తాద్ ఊరికే అడిగాడు: "మాస్టర్ సాబ్, ఈ తఖ్తీ మీద రహ్మాన్ ఎవరు?"

తఖ్తీ మీద సంవత్సరానికి ముందు ఒక మాట ఉన్నది. ఇంటివారు దాన్ని "రహ్మాన్" అని చదివి, చెక్కినవాని పేరు అనుకునేవారు. మేము కూడా నాలుగేండ్ల క్రిందట అట్లే అనుకున్నాము. ఈసారి భూతద్దం పెట్టి చూడగా మాకు చెమటలు పట్టినవి. ఉర్దూలో "రె" అనే అక్షరం తన తర్వాతి అక్షరంతో కలవదు. ఇది మేము రెండవ తరగతి పిల్లలకు నేర్పే పాఠం. ఈ మాటలో మొదటి అక్షరం తర్వాతి దానితో చక్కగా కలిసి ఉన్నది. అంటే అది "రె" కాదు, "బే". క్రింది చుక్క అరిగిపోయింది. "బే" పెట్టి చదివితే ఆ మాట రహ్మాన్ కాదు, "బహ్మన్". దాని ముందు 15 అంకె ఉన్నది. 15 బహ్మన్ 1329.

బహ్మన్ హిజ్రీ నెల కాదు. అది ఫసలీ నెల. పిల్లల కొరకు కొంచెం వివరిస్తాము. హైదరాబాద్ రాజ్యంలో రెండు లెక్కలు నడిచేవి. రోజా, ఈద్, ఉర్సులకు చాంద్రమానపు హిజ్రీ. మాల్‌గుజారీకి, కచేరీ పనులకు, జీతాలకు సూర్యమానపు ఫసలీ. ఫసల్ అంటే పంట. పంట మీద శిస్తు వసూలు చేయాలంటే ఋతువులతో పాటు నడిచే లెక్క కావాలి కదా. మన వైపు ఫసలీ సంవత్సరం అక్టోబరు 6 ప్రాంతంలో ఆజర్ నెలతో మొదలయ్యేది. ఆజర్, దై, బహ్మన్, ఇస్ఫందార్, ఫర్వర్దీ అని ఇట్లా పన్నెండు ఫార్సీ పేర్లు, చివరిది ఆబాన్. మన తాతల దస్తావేజులన్నీ ఈ లెక్కలోనే ఉన్నవి. ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1329కి 590 కలిపితే 1919. ఆ అక్టోబరులో మొదలైన సంవత్సరంలో మూడవ నెల బహ్మన్. అంటే 1919 డిసెంబరు.

మహబూబ్ అలీ పాద్షా పోయి అప్పటికి ఎనిమిదేండ్లు దాటింది. గద్దె మీద ఉన్నది మీర్ ఉస్మాన్ అలీఖాన్.

ఆ క్షణంలో ఏమి అనుకున్నామో దాచుకోము. నోరు మూసుకుందామా అనిపించింది. ఎవరికి తెలుస్తుంది? ఊరిలో ఈ తఖ్తీ చదవగలిగినవారు ఎందరున్నారు? కానీ పెద్దకొడుకు మా ముఖం చూసి, "ఏమయింది?" అన్నారు. చెప్పాము. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మాస్టర్ సాబ్, సర్కార్-ఎ-ఆలీ అని ఉన్నది కదా" అన్నారు. ఆ మాటకు కూడా జవాబు ఉన్నది. సర్కార్-ఎ-ఆలీ అంటే నిజాం గారు ఒక్కరే కాదు. నిజాం ప్రభుత్వానికి అదే పేరు. దానికి ముందు "జంగలాత్" అని ఉన్నది. రెండూ కలిపి చదివితే నిజాం ప్రభుత్వ అటవీ శాఖ అని అర్థం. అది ఇచ్చినవాని పేరు కాదు, పుచ్చుకున్నవారి నౌకరీ.

"అయితే ఎవరిచ్చారు?" అన్నారు. మధ్యలో ఒక పంక్తి నల్లబడి, పైన వార్నీషు పేరుకొని కనబడడం లేదు. బాగుచేస్తే గానీ తెలియదు.

ఇక బాగుచేయడం గూర్చి. ఇంటిలోని కుర్రవాడు ఒకడు, "బఫ్ కొట్టించి కొత్తదానిలా తళతళలాడిద్దాం" అన్నాడు. ఉస్తాద్ చేతులు జోడించాడు. బఫ్ చక్రం మీద పెడితే ముద్రలు, అక్షరాలు, అంచులు అన్నీ అరిగిపోతవి. మెరుపు వస్తుంది, చరిత్ర పోతుంది. పాత వస్తువును కొత్తగా చేయరాదు, ఉన్నదానిని నిలబెట్టాలి అన్నది ఆయన సూత్రం. పైతుప్పుకు నూనె పోసి రెండు రోజులు నాననిచ్చి, అతి సన్నని ఉక్కు నూలుతో వేలి ఒత్తిడి మీదనే తీశాడు. నల్లరంగు మిగిలిన చోట ముట్టుకోలేదు. మడమ అక్రోటు కర్ర. దానికి పడిన నొక్కుల మీద తడిగుడ్డ పరచి వేడి ఇస్త్రీ పెట్టె ఆనిస్తే, ఆవిరికి కర్ర ఉబ్బి నొక్కు పైకి లేచింది. ఇది మేము కళ్ళారా చూసి ఆశ్చర్యపోయాము. చేతిపట్టు దగ్గర ఉన్న చీలికలో జిగురు ఎక్కించి బిగించి కట్టాడు. తర్వాత అవిసె నూనె కొద్దికొద్దిగా అరచేతితో రుద్ది, ఆరనిచ్చి, మళ్ళీ రుద్ది, ఇట్లా చాలా రోజులు చేశాడు.

వింత ఏమంటే నాలి లోపలి భాగం ఊహించినదాని కన్నా శుభ్రంగా ఉన్నది. పాతకాలపు తూటాల టోపీలలో క్లోరేటు మందు ఉండేది. అది కాలిన తర్వాత నాలిలో ఒక రకపు ఉప్పు మిగులుతుంది. ఆ ఉప్పు గాలిలోని తేమను పీల్చి ఉక్కును తినివేస్తుంది. దానికి నూనె పనిచేయదు, నీళ్ళలోనే కరుగుతుంది. ఈ రైఫిలును ఎవరో శ్రద్ధగా వేడినీళ్ళతో కడుగుతూ వచ్చారని ఉస్తాద్ అన్నాడు. ఎవరై ఉంటారు?

చివరికి తఖ్తీ. దాని నాలుగు మర లలో ఒకటి మిగతావాటి కన్నా పెద్దది. ఎప్పుడో ఊడిపోతే ఎవరో దొరికిన మర బిగించారు. అది విప్పగా దాని తల క్రింద దాగి ఉన్న ఒక చిన్న అక్షరం బయటపడింది: "ఫే". ఫసలీకి గుర్తు. హిజ్రీ అయితే "హే" ఉండేది. ఇంకేమి కావాలి? మా లెక్కకు తఖ్తీయే సాక్ష్యం చెప్పింది. సబ్బు నీళ్ళలో ముంచిన దూదితో తుడవగా తుడవగా మధ్య పంక్తి కూడా కనబడింది. అహల్‌కారులు, చౌకీదార్ల తరఫున, వజీఫా సందర్భమున అని ఉన్నది. వజీఫా అంటే మన వైపు పింఛను. నౌకరీ ముగించి ఇంటికి పోతున్న పెద్దమనిషికి ఆయన క్రింద పనిచేసిన గుమాస్తాలు, అడవి కావలివారు కలిసి ఇచ్చినది ఈ రైఫిలు.

1914లో యుద్ధం మొదలైన తర్వాత జర్మనీ నుండి సరుకు రావడం ఆగిపోయింది. కనుక 1919 నాటికి ఇది కనీసం అయిదేండ్ల పాతది. దుకాణంలో మిగిలినదో, మరొకరు వాడి అమ్మినదో అయి ఉండాలి. కొత్తది కొనే స్తోమతు చౌకీదార్లకు ఎక్కడిది?

ఈ సంగతి చెప్పినప్పుడు పెద్దకొడుకు ముఖం చిన్నబోయింది. "సావనీరులో అచ్చయింది. బంధువులందరికీ చెప్పుకున్నాము. ఇది మీకూ నాకూ మధ్యనే ఉండనివ్వండి" అన్నారు. తఖ్తీ ఊడదీసి పెట్టెలో పెడదామని కూడా అన్నారు. మేము ఏమీ అనలేకపోయాము. తప్పు అచ్చువేసి ఆయనను ఆ స్థితికి తెచ్చినది మేమే కదా.

అప్పుడు లోపలి నుండి వారి అమ్మగారు, ఎనభై అయిదేండ్లు దాటిన ఆమె, పరదా వెనుక నుండి మాట్లాడారు. "మా మామగారు ఎన్నడూ పాద్షా ఇచ్చాడని చెప్పలేదు. మా నాన్నకు జంగల్ వాళ్ళు ఇచ్చారు అనేవారు. షికారు నుండి వస్తే నన్నే కేత్లీలో నీళ్ళు మరగబెట్టమనేవారు, నాలిలో పోసి కడిగేవారు. పాద్షా మాట మీ అబ్బా తెచ్చాడు, దోస్తుల ముందర."

"అమ్మీ, ఇన్నాళ్ళు చెప్పలేదేం?" అన్నారు కొడుకు.

"నన్ను ఎవరడిగారు?" అన్నారామె.

నిజమే. నాలుగేండ్ల క్రిందట మేము దివాన్‌ఖానాలో మగవారిని మాత్రమే అడిగాము. నాలి ఎవరు కడిగారో, నీళ్ళు ఎవరు కాచారో తెలిసిన మనిషి ఆ పరదా అవతలనే ఉన్నారు.

ఆమె ఇంకొక మాట కూడా అన్నారు. "పాద్షా ఇస్తే ఖజానా నుండి ఇస్తాడు. చౌకీదారు ఇస్తే పిల్లల రొట్టెలో నుండి ఇస్తాడు. ఏది పెద్దది?" పెద్దకొడుకు తల వంచుకున్నారు. తఖ్తీ తిరిగి అదే చోట బిగించబడింది. ఈసారి అక్షరం కప్పని చిన్న మరతో. ఈ వ్యాసం వ్రాయమని మరునాడు ఆయనే వచ్చి మాతో చెప్పారు.

లైసెన్సు పుస్తకంలో బోరు సరిచేయబడింది. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం తర్వాత షికారు అన్న మాటకు చోటు లేదు, ఉండరాదు కూడా. కనుక ఈ రైఫిలు ఇక దేనినీ కాల్చదు. తాళం వేసిన అల్మారాలో, నూనె గుడ్డలో ఉంటుంది. అటువంటి పాత ఆయుధాలు చూడదలచిన పిల్లలను తల్లిదండ్రులు సాలార్ జంగ్ మ్యూజియమునకు తీసుకొని పోవలెనని మా మనవి.

మన ఇండ్లలో ఇంకా ఎన్నో వస్తువులు ఉన్నవి. కత్తులు, గడియారాలు, పాన్‌దానులు, సనదులు, దస్తావేజులు. వాటి మీది అక్షరాలు చదివేవారు తగ్గిపోతున్నారు. చదవలేని చోట కథలు పుట్టుకొస్తవి. అందుచేత మూడు విన్నపాలు. ఏ పాత వస్తువునూ మెరుగు పెట్టించే ముందు దాని మీది ప్రతి గుర్తునూ ఫోటో తీసి పెట్టుకోండి. సంవత్సరం కనబడితే అది హిజ్రీయా, ఫసలీయా అని నెల పేరు చూసి తేల్చుకోండి. అన్నిటికన్నా ముందు, ఇంటిలోని ముసలి తల్లులను కూర్చోబెట్టి అడగండి. పిల్లలకు ఉర్దూ అక్షరాలు నేర్పించండి, కనీసం "రె" తర్వాతి అక్షరంతో కలవదని తెలిసేటంత.

తఖ్తీలు, పత్రాలు చదివించుకోదలచినవారు ప్రతి ఆదివారం అసర్ నమాజు తర్వాత సొసైటీ ఆఫీసులో మమ్మల్ని కలుసుకోవచ్చును. ఈసారి అయిదు నిమిషాలు కాదు, సరిగా చూసే చదువుతాము. నాలుగేండ్ల క్రిందటి సావనీరు ఇంట్లో దాచుకున్నవారు, దయచేసి ఆ పుటలో ఈ దిద్దుబాటు కాగితం కూడా పెట్టుకోగలరు.

ఖుదా హాఫిజ్.